దవావోలో చదువుతున్న అమ్మాయి దగ్గరికి తొలి ప్రయాణం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయనగరం. మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదువుతోంది. ఆగస్టులో వాళ్ళకి తెల్లకోటు వేసే వేడుక ఉందట, అమ్మానాన్నలు రావచ్చన్నారు. నేనూ మావారూ పాస్‌పోర్టులు తీసుకున్నాం. ఇద్దరం ఇంతవరకు దేశం దాటలేదు. రెండు వారాలు ఉందామనుకుంటున్నాం. నేను గుడ్డు కూడా తినను. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. మావారికి సిగరెట్ అలవాటు. దవావో ఉన్న మిందనావో మంచి ప్రాంతం కాదని, భూకంపాలు వస్తాయని బంధువులు భయపెడుతున్నారు. పోయినేడాది పాపకి డెంగీ వస్తే వాళ్ళ ఇంటి ఓనరమ్మే ఆస్పత్రిలో పక్కనుండి చూసుకుంది. ఆవిడకి ఏం పట్టుకెళ్ళాలో, ఆవిడతో ఎలా మసలుకోవాలో తెలియడం లేదు. పప్పులు, పచ్చళ్ళు, పొడులు అన్నీ కట్టుకుని వెళ్ళాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, విజయనగరం

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రతిదానికీ జవాబు ఉంది. కానీ ఉత్తరం చదివాక నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ ఇంటి ఓనరమ్మే. పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు చాలామంది తనిఖీకి వెళ్ళినట్టు వెళ్తారు. గది ఎలా ఉంది, ఏం తింటోంది, ఎవరితో తిరుగుతోంది, ఇవి చూసుకుని వచ్చేస్తారు. మీరు అలా వెళ్ళొద్దు. మీ అమ్మాయికి అక్కడ తనవాళ్ళు అనుకునే మనుషులు దొరికారు. వాళ్ళతో చుట్టరికం కలుపుకోవడానికి వెళ్తున్నాననుకోండి, ఏం కట్టుకెళ్ళాలో, ఎలా ఉండాలో చాలావరకు మీకే తోస్తుంది. ఆవిడ గురించి తర్వాత తీరిగ్గా రాస్తాను. ముందు కాగితాల సంగతి, ఎందుకంటే అక్కడ తేడా వస్తే ప్రయాణమే ఆగిపోతుంది.

2025 జూన్ నుంచి ఫిలిప్పీన్స్ మనవాళ్ళని వీసా లేకుండా 14 రోజుల వరకు పర్యాటకులుగా రానిస్తోంది. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తిరుగు టికెట్, బస బుక్ చేసుకున్న కాగితం, ఖర్చులకి డబ్బుందని చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గరుండాలి. అయితే ఈ 14 రోజుల్ని అక్కడికి వెళ్ళాక పొడిగించరు. అందుకని సరిగ్గా రెండు వారాలకి టికెట్ తీసుకోకండి. విమానం రద్దయినా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా గడువు దాటిపోతుంది. పదకొండు, పన్నెండు రోజులకి చూసుకోండి. పాప దగ్గర నెల రోజులు ఉండాలనిపిస్తే ఇక్కడే టూరిస్టు వీసా తీసుకుని బయల్దేరండి. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఢిల్లీలోని ఫిలిప్పీన్స్ ఎంబసీ సైటు చూసి మరీ కొనండి. ఏజెంట్ నోటిమాట చాలదు.

ఇంకొకటి ఈట్రావెల్. విమానం దిగేలోపు, 72 గంటల ముందు నుంచి, వాళ్ళ ప్రభుత్వ సైటులో వివరాలు నింపితే ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. దీనికి పైసా కట్టక్కర్లేదు. ఎవరైనా ఫీజు అడిగారంటే అది దొంగ సైటు. ఈ పని మీ అమ్మాయికి అప్పగించండి. కోడ్‌ని ఫోన్‌లో దాచుకోవడంతో పాటు ప్రింట్ కూడా తీసుకోండి. పాప కాలేజీ ఐడీ నకలు, చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్, వేడుక ఆహ్వానం, పాప చిరునామా, ఫోన్ నంబరు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి చేతిసంచిలో ఉంచుకోండి. ఇమిగ్రేషన్ అధికారి అడిగేవి మూడే: ఎందుకొచ్చారు, ఎన్ని రోజులుంటారు, ఎక్కడుంటారు. మా అమ్మాయి ఇక్కడ మెడిసిన్ చదువుతోంది అని రెండు ముక్కల్లో చెప్పి ఫైల్ చూపిస్తే చాలు. మీకున్న ఇంగ్లిష్ సరిపోతుంది.

దారి మాటకొస్తే, వీలైతే మనీలా తప్పించండి. ఢిల్లీ నుంచి మనీలాకి ఎయిర్ ఇండియా నేరుగా వెళ్తుంది నిజమే. కానీ అక్కడ దిగాక ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, దవావో విమానానికి మళ్ళీ చెక్ ఇన్ చేయాలి. ఒక్కోసారి టెర్మినల్ మారాలి, అదీ నడిచి వెళ్ళే దూరం కాదు, మనీలా ట్రాఫిక్‌లో వాహనంలో వెళ్ళాలి. పైగా దేశీయ విమానాల్లో సామాను పరిమితి తక్కువ. మీకు విశాఖ దగ్గర. విశాఖ నుంచి సింగపూర్‌కీ, సింగపూర్ నుంచి నేరుగా దవావోకీ స్కూట్ విమానాలున్నాయి. రెండూ ఒకే టికెట్ మీద బుక్ చేయించండి. విడివిడిగా కొంటే సింగపూర్‌లో బయటికొచ్చి సామాను తీసుకుని మళ్ళీ ఇవ్వాల్సి రావచ్చు, దానికి సింగపూర్ వీసా కావాలి. తక్కువ ధర విమానాల్లో భోజనం టికెట్‌లో కలిసి ఉండదు, శాకాహారం ముందే చెప్పి బుక్ చేసుకోండి.

ఇక సామాను. అన్నీ కట్టుకుని వెళ్ళొద్దు. దవావోలో మెడిసిన్ చదివే మన పిల్లలు వేలల్లో ఉన్నారు. మెడికల్ కాలేజీ ఉన్న బజాడా చుట్టుపక్కల మన మెస్సులు, పప్పులూ మసాలాలూ అమ్మే కొట్లు ఉన్నాయి. కందిపప్పు మోసుకెళ్ళి సామాను బరువు పెంచుకోవద్దు. అక్కడ దొరకని ఇంటి రుచి మాత్రం తీసుకెళ్ళండి: ఒక ఆవకాయ, ఒక గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి. పచ్చళ్ళు అమ్మే దుకాణాల్లో నూనె కారకుండా గట్టిగా సీలు వేసి ఇస్తారు, అలాగే చేయించండి. పాపకి ఇష్టమని కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం పెట్టకండి. పందుల్లో వచ్చే ఆఫ్రికన్ జ్వరం, బర్డ్ ఫ్లూ వంటి వాటి భయంతో మాంసంతో చేసిన వాటిమీద అక్కడ కట్టడి ఎక్కువ. పచ్చి కరివేపాకు, పళ్ళు, విత్తనాలు, మొక్కలు కూడా వద్దు. సింగపూర్ మీదుగా వెళ్తారు కాబట్టి గసగసాలు, గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్లు అసలు ముట్టుకోవద్దు, ఆ దేశంలో వాటిమీద నిషేధం ఉంది.

బీపీ, షుగర్ మాత్రలు ఏవైనా వాడుతుంటే ఉండే రోజులకి కాస్త ఎక్కువే పెట్టుకోండి, డాక్టర్ చీటీతో సహా, చేతిసంచిలోనే. దోమల క్రీము మరిచిపోకండి, డెంగీ ఎలా వస్తుందో మీకు తెలుసు. మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గులు అక్కడి గోడకి పట్టవు, చదును రెండు పిన్నుల అడాప్టర్ కావాలి. కరెంటు 220 వోల్టులే కాబట్టి ఫోన్ ఛార్జర్లకి ఇబ్బంది లేదు. బట్టలు కాటన్‌వి చాలు. దవావోలో ఏడాది పొడుగునా అప్పుడప్పుడూ వాన పడుతూనే ఉంటుంది కాబట్టి గొడుగు తప్పదు. మాల్స్‌లో ఏసీ చలి వణికిస్తుంది, ఒక శాలువా ఉంచుకోండి.

డబ్బు డాలర్లలో తీసుకెళ్ళండి. రూపాయల్ని అక్కడ మార్చుకోవడం కష్టం. నోట్లు కొత్తవై ఉండాలి, మడతలు, చిరుగులు, పెన్ను గీతలు ఉంటే తీసుకోరు. అక్కడి కరెన్సీ పెసో, ఒక పెసో అంటే సుమారు రూపాయిన్నర అనుకుని లెక్క వేసుకోండి. ఎయిర్‌పోర్టులో కొంచెం మార్చి, మిగతాది మాల్స్‌లోని మనీ ఛేంజర్ల దగ్గర మార్చుకోండి. స్థానిక సిమ్ పాస్‌పోర్టు చూపించి రిజిస్టర్ చేయించాలి, అది 2022 నాటి చట్టం. అక్కడ అందరూ వాడే జీక్యాష్ మన ఫోన్‌పే లాంటిదే గానీ కొద్ది రోజులకి మీకు అక్కర్లేదు, పాప ఫోన్‌లో ఉంటే చాలు. జీప్నీలకీ (అక్కడ జనమంతా ఎక్కే జీపు బస్సులు) చిన్న కొట్లకీ చిల్లర దగ్గరుంచుకోండి.

బంధువుల భయం గురించి. మిందనావో చాలా పెద్ద దీవి. సాయుధ ముఠాల గొడవలు ఎక్కువగా వినిపించేది దాని పడమటి వైపు, సులు దీవుల వైపు. దవావో ఆగ్నేయంలో ఉంది. మిందనావోకి వెళ్ళే ముందు మరోసారి ఆలోచించుకోమని తన పౌరులకి చెప్పే అమెరికా కూడా దవావో నగరాన్ని అందులోంచి మినహాయించింది. అలాగని అక్కడ ఎప్పుడూ ఏమీ జరగలేదని చెప్పను. 2016 సెప్టెంబరులో రోక్సాస్ వీధి రాత్రి బజారులో బాంబు పేలి ప్రాణాలు పోయాయి. అందుకే ఊళ్ళోకి వచ్చే రోడ్ల మీద చెక్‌పోస్టులు, మాల్స్ గుమ్మాల్లో సంచుల తనిఖీలు కనిపిస్తాయి. సంచి తెరవమంటే నవ్వుతూ తెరిచి చూపించండి, అక్కడ అందరూ చేసేది అదే. ఆపద వస్తే 911. ఈ నంబరు దవావోలో 2002 నుంచే నడుస్తోంది. పోలీసైనా, అంబులెన్సైనా, ఫైర్ ఇంజనైనా అదే.

భూకంపాలు మాత్రం నిజం. 2025 అక్టోబరు 10న దవావో ఓరియంటల్ ప్రావిన్స్‌లోని మనాయ్ దగ్గర సముద్రంలో 7.4 తీవ్రతతో వచ్చింది, దవావో నగరం కూడా గట్టిగా ఊగింది. భయపడి మానేయడం కంటే ఏం చేయాలో తెలిసి ఉండటం మంచిది. హోటల్లో కింది అంతస్తుల్లో గది అడగండి. మంచం పక్కన చెప్పులు, టార్చి ఉంచుకోండి. ఊగుతుండగా పరుగెత్తకండి, బల్ల కింద దూరి తల కాపాడుకోండి, ఆగాక మెట్ల మీదుగా బయటికి రండి, లిఫ్ట్ ఎక్కొద్దు. బీచ్‌లో ఉండగా వస్తే ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఎత్తుకి వెళ్ళిపోండి. తుఫాన్ల విషయంలో ఈ ఊరు అదృష్టవంతురాలు. ఫిలిప్పీన్స్ తుఫాన్లు ఎక్కువగా పైభాగాన్నే కొడతాయి.

మీవారి సిగరెట్ గురించి గట్టిగానే చెప్తున్నాను. పొగతాగడం మీద ఆ దేశంలోనే పేరుపొందిన కట్టడి దవావోది. 2002లో మొదలుపెట్టి 2012లో ఇంకా బిగించారు. రోడ్డు మీద, వాహనంలో, హోటల్ గుమ్మంలో, పార్కులో, ఎక్కడా కాల్చకూడదు, విడిగా కేటాయించిన చోట తప్ప. జరిమానా వేలల్లో ఉంటుంది, విదేశీయులని వదిలిపెట్టరు. రాత్రి ఒంటిగంట దాటితే మద్యం అమ్మకం కూడా ఆగిపోతుంది. టపాసులు 2002 నుంచీ నిషేధం, కొత్త సంవత్సరం రోజు కూడా ఊరంతా బూరలు ఊదుకుంటారే తప్ప ఒక్క చిచ్చుబుడ్డి వెలగదు. మీవారికి ఇది బయల్దేరాక చెప్పకండి. వెళ్ళేముందు నుంచే తగ్గించుకుంటూ వస్తే అక్కడ ఆయనకే సుఖం.

ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపున నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు మన కళ్ళు అలవాటుగా కుడివైపుకి పోతాయి, బండి ఎడమవైపు నుంచి వస్తుంది. మొదటి మూడు నాలుగు రోజులు పాప చెయ్యి పట్టుకునే దాటండి.

తిండి గురించి మీరు ఊహించుకున్నంత కష్టం ఉండదు, ఉన్న కష్టం మీరు ఊహించని చోట ఉంటుంది. దవావో మూడు పూటలా అన్నం తినే ఊరు. పాపతో కలిసి ఒక పొద్దున్న బంకెరోహాన్ మార్కెట్‌కి వెళ్ళండి. మునగాకు కట్టలు, తూటికూర, వంకాయ, కాకరకాయ, సొరకాయ, నేతిబీర, గుమ్మడి, బెండకాయ, పొడుగు బొబ్బరికాయలు, చేమదుంప, పెసలు, చింతపండు, కొబ్బరి, అన్నీ అక్కడే కనిపిస్తాయి. మీ వంటకి కావలసినవన్నీ దొరికినట్టే. చిక్కు హోటల్ వంటతో. కూరగాయల కూర అని రాసి ఉన్నదాంట్లో కూడా రుచి కోసం నాలుగు పంది మాంసం ముక్కలో, బగూంగ్ అనే రొయ్యల ముద్దో, పాతిస్ అనే చేపల సాసో వేస్తారు. పెసల కూర చూసి మన పెసరపప్పే కదా అని ఆశపడతారు, అందులోనూ అడుగున రొయ్యో మాంసమో ఉంటుంది. వాళ్ళు దాచిపెట్టడం లేదు. అంత కొంచెం వేస్తే అది మాంసాహారం అవుతుందని వాళ్ళకి తట్టదు. కాబట్టి వెజ్ అని చెప్పి ఊరుకోకండి. మాంసం, చికెన్, చేప, రొయ్య, గుడ్డు, బగూంగ్, పాతిస్, ఇవేవీ వద్దని పాప చేత స్థానిక బిసాయా భాషలో ఒక కార్డు మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి. వడ్డించే అమ్మాయికి చూపిస్తే లోపలికి వెళ్ళి వంటవాణ్ణి అడిగి మరీ వచ్చి చెప్తుంది.

మీరు నిశ్చింతగా తినదగినవీ ఉన్నాయి. పొద్దున్నే వీధిలో తాహో అమ్మే అతను వస్తాడు, వేడి వేడి మెత్తటి సోయా పెరుగు మీద బెల్లపు పాకం, సగ్గుబియ్యం వేసి ఇస్తాడు. జిగురు బియ్యాన్ని కొబ్బరిపాలు, అల్లం వేసి వండే పూతో మాయా దవావో వాళ్ళకి ఇష్టమైన ఉదయపు ఫలహారం, పక్కన మామిడిపండు, సిక్వాతే అనే చిక్కటి కోకో పానీయం ఉంటాయి. అరిటాకులో చుట్టి ఉడికించే సూమాన్ కూడా మీకు నచ్చుతుంది. పళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మీరు వెళ్ళే ఆగస్టు పళ్ళ కాలం: మంగుస్తాన్, రంబుటాన్, లాన్సోనెస్, మరాంగ్, పంపరపనస. వీటన్నిటికీ పైన దురియన్. దాని వాసన మీకు మొదట పడదు. అయినా ఆ ఇంటావిడ ఒక తొన ఒలిచి చేతిలో పెడితే వద్దనకండి, కొంచెం రుచి చూడండి. వాళ్ళ ఊరికి అది గర్వకారణం. హోటల్ గదికి మాత్రం తీసుకెళ్ళకండి, రానివ్వరు, విమానంలోకీ రానివ్వరు. మంచినీళ్ళు రీఫిల్ స్టేషన్లలో అమ్మే శుద్ధి చేసినవే తాగండి.

ఇప్పుడు ఆ ఇంటి ఓనరమ్మ సంగతి.

ఎవరింటికైనా వెళ్ళేటప్పుడు, ఎక్కడికైనా వెళ్ళి వచ్చేటప్పుడు ఏదో ఒకటి చేతిలో పట్టుకెళ్ళడం ఫిలిప్పీన్స్‌లో గట్టి ఆచారం. దాన్ని పసలుబోంగ్ అంటారు. ఖరీదు ముఖ్యం కాదు, మన ఊరిది కావడం ముఖ్యం. మీ జిల్లాలోనే బొబ్బిలి ఉంది. బహుమతి కోసం చేసే చిన్న బొబ్బిలి వీణ ఒకటి కొనండి, ఆవిడ హాలులో పెట్టుకుంటుంది, వచ్చినవాళ్ళందరికీ చూపించుకుంటుంది. దానితో పాటు పలాస జీడిపప్పు, పూతరేకులు. తీపి అంటే వాళ్ళకి ప్రాణం. పూతరేకులు ఎక్కువే తీసుకెళ్ళండి, ఎందుకంటే ఇంట్లో వాళ్ళకే కాదు, పక్కింటికీ, ఆవిడ చెల్లెలికీ, వాచ్‌మన్‌కీ పంచుతుంది. మీ ఎదుట ప్యాకెట్ విప్పకపోతే నచ్చలేదని అనుకోకండి. ఇచ్చినవాళ్ళ ముందే విప్పి చూడటం అక్కడ అంత మర్యాద కాదు.

ఒక్క పని మాత్రం చేయకండి. ఆస్పత్రి రోజుల్లో చేసిన సాయానికని కవరులో డబ్బు పెట్టి ఇవ్వొద్దు. పాప కోసం ఆవిడ చేతి డబ్బు ఖర్చుపెట్టి ఉంటే, అది ఎంతో పాపని అడిగి విడిగా తీర్చేయండి. ఆవిడ చూపించిన ప్రేమకి మాత్రం వెల కట్టినట్టు ఉండకూడదు. ఆ ఋణం మనిషిగా గుర్తుపెట్టుకోవడమే వాళ్ళకి కావాలి. ఆవిడ చేతులు పట్టుకుని మీరు తెలుగులో చెప్పినా ఆవిడకి అర్థమవుతుంది, పాప పక్కనుండి ఇంగ్లిష్‌లో చెప్తుంది.

ఆవిడని పాప ఏమని పిలుస్తోందో ముందే కనుక్కోండి. పెద్దవాళ్ళని అక్కడ పేరు పెట్టి పిలవరు. పిల్లలు అమ్మ వయసు వాళ్ళని తీతా అంటారు, అక్క వయసు వాళ్ళని ఆతే, అన్న వయసు వాళ్ళని కుయా అంటారు. డ్రైవర్‌నైనా, కొట్టు అబ్బాయినైనా మీరు కుయా అంటే ఎంత సంతోషిస్తారో చూడండి. ఆ ఇంట్లో చిన్నపిల్లలుంటే వచ్చి మీ చెయ్యి తీసుకుని వాళ్ళ నుదుటికి ఆనించుకుంటారు. అది పెద్దల దీవెన తీసుకోవడం. చెయ్యి వెనక్కి లాక్కోకుండా మీరు మన పద్ధతిలో తలమీద చెయ్యి వేసి దీవించండి.

గుమ్మం దగ్గర చెప్పులు విప్పండి, లోపల వేసుకోవడానికి వేరే చెప్పులు ఇస్తారు. ఏ వేళకి వెళ్ళినా తిన్నారా, రండి తిందాం అంటారు. మొదటిసారి అన్నది మర్యాదకి, థాంక్యూ అని ఊరుకోవచ్చు. రెండోసారి కూడా పిలిచారంటే మనసారా పిలుస్తున్నట్టు, కూర్చోండి. భోజనానికి ముందు ప్రార్థన చేసుకుంటారు, అది అయ్యేదాకా చెయ్యి పెట్టకండి. వాళ్ళు చెంచా, ఫోర్కుతో తింటారు, మీరు చేత్తో తిన్నా ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్ళకీ చేత్తో తినే అలవాటు ఉంది. ఆదివారం చర్చికి రమ్మంటే వెళ్ళండి. వెనక వరసలో కూర్చోండి, అందరూ లేచినప్పుడు లేవండి, ప్రసాదం తీసుకోవడానికి వరసలో మాత్రం వెళ్ళొద్దు, అది వాళ్ళ మతంలో దీక్ష తీసుకున్నవాళ్ళకే. మధ్యాహ్నం మూడింటికి మాల్‌లో మైకులో ప్రార్థన వినిపిస్తే ఆశ్చర్యపోకండి, ఒక నిమిషం మాటలు ఆపండి.

ఇంట్లో పిల్లలతో మాట్లాడే గొంతు మనది కాస్త పెద్దది. అక్కడ గొంతు పెంచితే కోపం వచ్చిందనే అనుకుంటారు. నలుగురిలో ఎవరినైనా మందలించడం, టాక్సీ అతనితో వాదులాడటం, పాపని అందరి ముందూ కేకలేయడం అక్కడ చాలా తప్పుగా చూస్తారు. పరువు తీసినట్టు భావిస్తారు. ఏదైనా నచ్చకపోతే పక్కకి పిలిచి మెల్లగా చెప్పండి. వాళ్ళు కూడా మొహం మీద కాదనరు. నవ్వి, చూద్దాం అన్నారంటే అది చాలాసార్లు కాదనే. కనుబొమలు పైకెత్తితే అవునని, పెదాలు ముందుకి చాపితే అటు చూడమని. మిమ్మల్ని చూసి వీధిలో ఎవరైనా బుంబాయ్ అంటే నొచ్చుకోకండి, భారతీయులని అందరూ అలాగే అంటారు. అప్పులిచ్చి వారం వారం వసూలు చేసుకునే మన పంజాబీ వ్యాపారుల కాలం నుంచీ వస్తున్న పిలుపు అది.

స్నానం విషయంలో వాళ్ళు చాలా పట్టింపుగా ఉంటారు. చెమట వాసన వస్తే ఏమీ అనరు గానీ దూరం జరుగుతారు. మనవాళ్ళ మీద ఉన్న చిన్న ఫిర్యాదుల్లో ఇదొకటి, పోపు ఘాటు ఇంకొకటి. రెండు పూటలా స్నానం చేయండి, పాప గదిలో పోపు పెట్టేటప్పుడు కిటికీలు తెరవండి. మాల్స్‌లో బాత్రూమ్‌ని సీఆర్ అంటారు, నీళ్ళు లేకుండా కాగితమే ఉండొచ్చు, సంచిలో చిన్న నీళ్ళ సీసా ఉంచుకోండి. ఇళ్ళల్లో మాత్రం మనలాగే బకెట్, మగ్గు ఉంటాయి.

రాజకీయాలు ఎత్తొద్దు. రోద్రిగో దుతెర్తె ఆ దేశ అధ్యక్షుడు కాకముందు ఏళ్ళ తరబడి ఈ ఊరికి మేయరు. 2025 మార్చిలో ఆయన్ని అరెస్టు చేసి హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకి అప్పగించారు, అదే ఏడాది మే నెలలో దవావో జనం ఆయన్నే మళ్ళీ మేయరుగా గెలిపించారు. అభిమానం అంత లోతైనది. ఎవరైనా చెప్తే వినండి, మీ అభిప్రాయం మాత్రం చెప్పకండి.

ఒకరోజు ఆ ఇంటి వంటగదిలో మీరే వండి పెడతానని అడగండి. పులిహోర, కొబ్బరిపాలు పోసిన పెసరపప్పు పాయసం, వంకాయ వేపుడు చాలు. కారం మన లెక్కలో నాలుగో వంతు వేయండి, దవావో వాళ్ళు కారం తట్టుకోలేరు. ఆవిడకి మీరు ఇవ్వగలిగిన వాటిలో వీణ కంటే ఇదే ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం.

వేడుక రోజున పట్టుచీర కట్టుకోండి, మొహమాటం వద్దు. మీవారికి ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు, బూట్లు. వాళ్ళ జాతీయగీతం వచ్చినప్పుడు కదలకుండా నిలబడండి. ఇంటావిడని కూడా వేడుకకి పిలవవచ్చా అని పాప చేత కాలేజీలో ముందే అడిగించండి. పిలవగలిగితే మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.

ఊరు చూడటానికి రెండు రోజులు చాలు. ఒకరోజు కలీనాన్ దగ్గర మలాగోస్‌లో ఉన్న ఫిలిప్పీన్ గద్దల కేంద్రం చూడండి. ప్రపంచంలోకెల్లా పెద్ద గద్దల్లో ఒకటైన ఆ పక్షి ఫిలిప్పీన్స్‌లో తప్ప ఎక్కడా లేదు. ఇంకోరోజు పడవ దాటి సమాల్ దీవికి వెళ్ళి, సముద్రం ఒడ్డున కూర్చుని రండి. పాపకి పరీక్షలో, ఆస్పత్రి డ్యూటీలో ఉంటే బలవంతం పెట్టకుండా మీ ఇద్దరే వెళ్ళండి. గ్రాబ్ యాప్‌లో కారు బుక్ చేస్తే బేరం అక్కర్లేదు, మామూలు టాక్సీలైతే మీటరు వేస్తారు.

ఆఖరుగా, తొందరపడాల్సిన విషయం ఒకటి. ఆగస్టులో దవావోలో కదయావాన్ పండగ. పంటలకీ పూలకీ కృతజ్ఞతగా చేసే ఈ పండగలో అక్కడి ఆదివాసీ తెగలు తమ నాట్యాలతో, దుస్తులతో వీధుల్లోకి వస్తారు, నెల మూడో వారంలో ఊరు కిటకిటలాడుతుంది. మీ తేదీలు దానితో కలిస్తే అదృష్టమే, కానీ గదులు దొరకవు, ధరలు పెరుగుతాయి. ఊరేగింపు దారిలో వీపుసంచులు రానివ్వరు, భద్రత కోసం కొన్ని గంటలు సెల్ సిగ్నల్ కూడా ఆపేస్తుంటారు, కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. వేడుక తేదీ ఖాయమైన రోజే పాప ఇంటికి దగ్గర్లో, డబ్బు వాపసు వచ్చే పద్ధతిలో గది బుక్ చేయించండి. ఆ కాగితమే ఇమిగ్రేషన్‌లోనూ పనికొస్తుంది.